దలా వెళ్ళి చెప్పాల్సిన మాట

సంఘ కాపరిగా నా పని ముగిసింది. ఇప్పుడు ఆదివారాలు నేనూ అందరితోపాటు కింద బెంచీ మీద కూర్చుని, నా తర్వాత వచ్చిన పాస్టరు గారి ప్రసంగం వింటున్నాను. వయసులో చిన్నవాడైనా బాగా చెబుతాడు. ఈమధ్య ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుని, "సయా, సంఘంలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. నేనేం చెయ్యాలి?" అని అడిగాడు. మా యాంగోన్‌లో, అదే రంగూన్‌లో, పాస్టరునూ, బడిపంతులునూ కూడా సయా అనే పిలుస్తాం. ఆయనకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

బైబిలు కళాశాలలో మాకు ప్రసంగం తయారుచేయడం నేర్పారు. బాప్తిస్మం ఎలా ఇవ్వాలో, పెళ్ళి ఎలా నడిపించాలో, సమాధి దగ్గర ఎంతసేపు మాట్లాడాలో నేర్పారు. మనసు నొచ్చుకుని గుడికి రావడం మానేసిన మనిషి గుమ్మంలో నిలబడి మొదటి మాట ఏం అనాలో ఎవరూ నేర్పలేదు. నా ఉద్యోగంలో పెద్ద భాగం అదే అని తర్వాత తెలిసింది.

సిద్ధాంతం దగ్గర తేడా వచ్చి సంఘం వదిలినవాళ్ళను నేను చూడలేదు. శవపేటిక మోయడానికి తనను పిలవలేదని మానేసినాయనను చూశాను. క్రిస్మస్ విందులో తమ వరుసకు వచ్చేసరికి కూర అయిపోయిందని అలిగిన కుటుంబాన్ని చూశాను. హార్మోనియం తన చేతుల్లోంచి తీసి ఇంకొకరికి ఇచ్చారని ఏడ్చిన పెద్దమనిషిని చూశాను. పైనుంచి చూసేవాళ్ళకు ఇవి చిన్న సంగతులు. నొచ్చుకున్న మనిషికి చిన్నవి కావు. ఆ మనిషి ముందు కూర్చుని "ఇంత చిన్న దానికా?" అన్నామంటే ఆ ఇంటి తలుపు మనకు మూసుకుపోయినట్టే.

ట్వంటేలో చేతులు కలిపిన రోజు

నా మొదటి ఏళ్ళలో నేను ఒక పెద్ద సయా దగ్గర సహాయకుడిగా ఉండేవాణ్ణి. మంచి మనిషి. వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళలో నడిచి రోగుల ఇళ్ళకు వెళ్ళేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో చాలా భాగం ఆయన బాగా చేసిన పనులనుంచే వచ్చింది. కానీ గొడవల విషయంలో నాకు ఉపయోగపడింది ఆయన చెడగొట్టిన ఒక్క పనే.

యాంగోన్‌కు బస్సు దూరంలో ఉన్న ట్వంటేలో మా సంఘానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు కుండలు చేసేవారు. ఒకే బట్టీ, ఒకే పెరడు. తల్లి పట్నం ఆసుపత్రిలో పోయింది. ఆవిడ సమాధి దగ్గర మట్టి వేస్తున్నప్పుడు, తమ్ముడు అందరూ వినేలా, "బతికున్నప్పుడు సూడ్డానికి రానోడు ఇప్పుడు మట్టెయ్యడానికొచ్చాడు" అన్నాడు. అన్న మారు మాట్లాడకుండా చేతిలోని మట్టి వేసేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

పెద్ద సయా, నేనూ బస్సెక్కి వెళ్ళాం. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు ఆయన ఇద్దరినీ ముందుకు పిలిచి చేతులు కలపమన్నారు. కలిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన దీర్ఘంగా ప్రార్థన చేశారు. తిరుగు బస్సులో ఎంత సంతోషంగా ఉన్నారంటే, దారి పొడుగునా పాటలు పాడుతూనే ఉన్నారు.

తర్వాతి నెలనుంచి అన్న గుడికి రావడం మానేశాడు. ఈసారి నేను ఒక్కణ్ణే వెళ్ళాను. కుమ్మరి సారె తిప్పుతూనే మాట్లాడాడు, నా వైపు చూడలేదు.

"సెయ్యి ఇమ్మన్నారు, ఇచ్చీసాను. ఇంకేటి కావాలి సయా మీకు?"

"మీరు రావడం లేదని..."

"నాను అమ్మని సూడ్డానికి ఎందుకు రాలేదో ఒక్కలైనా అడిగారా? పెద్ద సయా అడిగారా? సెయ్యి కలిపీసాక ఇంక అడగడానికి ఈల్లేదు. ఇప్పుడు నాను నోరిప్పితే, మల్లీ గొడవెడతన్నాడు అంటారు."

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ చప్పట్లతో అతని నోరు కట్టేశాం. ఈ మాట పెద్ద సయాకు చెప్పాను. ఆయన, "ఆ ఇద్దరూ అలా ఎడమొహం పెడమొహంగా కూర్చుంటే చూడలేకపోయాను. కావాల్సింది నా మనశ్శాంతి. అందుకే తొందరపెట్టాను" అన్నారు. తన కింద పనిచేసేవాడి దగ్గర అలా ఒప్పుకున్న పైఅధికారిని నేను మళ్ళీ చూడలేదు. ఇద్దర్ని కలపడానికి వెళ్ళేటప్పుడు ఎవరి మనశ్శాంతి కోసం వెళ్తున్నావని నన్ను నేను అడుక్కోవడం ఆ రోజునుంచే అలవాటైంది.

యోహాను గారు నవ్వించిన ఆదివారం

ఇప్పుడు చెప్పేది నా ఉద్యోగం చివరి ఏళ్ళలో జరిగింది. దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

మాది చిన్న తెలుగు సంఘం. మా తాతలు విశాఖ, శ్రీకాకుళం వైపునుంచి రేవు పనికి వచ్చినవాళ్ళు. పెద్దవాళ్ళకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం వచ్చు. వాళ్ళ పిల్లలకు మాట్లాడడం వచ్చు. ఆ పిల్లల పిల్లలకు అర్థమవుతుంది, అంతే. పాటలను బర్మా అక్షరాల్లో రాసుకుని పాడతారు.

యోహాను గారు సంఘ పెద్దల్లో పెద్ద. పబేడాన్‌ బజారులో పప్పులు, ధాన్యాల కొట్టు. తుఫానుకు గుడి కప్పు ఎగిరిపోయినప్పుడు ఆయనే దగ్గరుండి నిలబెట్టించారు. తెలుగంటే ప్రాణం. కొట్లో పొద్దంతా బర్మీస్‌లోనే బేరాలు సాగినా, గుడి గడపలో అడుగుపెడితే ఒక్క బర్మా మాట రానిచ్చేవారు కాదు.

రూతు నదికి అవతలి ఒడ్డున ఉన్న దలా పిల్ల. వాళ్ళ నాన్న సామేలు మా తెలుగువాడు, పడవలు బాగుచేసేవాడు. చాలా ఏళ్ళ కిందటే పోయాడు. తల్లి డా మ్య బర్మా మనిషి. సామేలును చేసుకుని, సంఘంలో చేరి, అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకుంది. భర్త పోయాక బౌద్ధులైన పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నా వెళ్ళలేదు. దలా రేవు దగ్గర పొద్దున్నపూట మొహింగా, అదే చేపల పులుసు పోసిన సేమ్యా, అమ్ముకుంటూ రూతును చదివించింది. ఆదివారం గిన్నెలు కడుక్కుని ఫెర్రీ ఎక్కి గుడికి వచ్చేది.

ఆ ఆదివారం యువకుల ఆరాధన. ప్రార్థన రూతు చేయాలి. తనే తెలుగులో తయారు చేసుకుంది, బర్మా అక్షరాల్లో రాసుకుంది. ఆ లిపిలో చదివేటప్పుడు కొన్ని చోట్ల 'క'కూ 'గ'కూ తేడా తెలియదు. "మేము దారి తప్పిన గొర్రెలము" అని ఉండాల్సింది, "మేము దారి తప్పిన కొర్రెలము" అని చదివింది.

ముందు బెంచీలోంచి యోహాను గారు, "కొర్రలు నా కొట్లో ఉంటాయమ్మా, కావాలంటే పంపిస్తాను" అన్నారు.

గుడి గుడంతా నవ్వింది. నిజానికి నవ్వొచ్చే మాటే. అక్కడితో ఆగి ఉంటే రూతు కూడా నవ్వేసి ముందుకు చదివేదేమో. కానీ నవ్వు దొరికిన మనిషికి ఇంకొక మాట అనాలనిపిస్తుంది. ఆయన లేచి, వెనక్కి తిరిగి అందరినీ చూస్తూ, "ఏటి సేస్తాం! బర్మా తల్లి పాలు తాగిన పిల్లకి తెలుగెలా అబ్బుతాది?" అన్నారు.

ఈసారి కూడా కొందరు నవ్వారు. డా మ్య ఆడవాళ్ళ వరుసలో ఉంది. ఆవిడకు ప్రతి మాటా అర్థమైంది.

"యోహాను గారూ, చాలు. కూర్చోండి" అన్నాను నేను వేదిక మీదినుంచి. గట్టిగానే అన్నాను. రూతు చేతిలో కాగితం మడిచి కిందికి దిగింది, తల్లి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ లేచి బయటికి నడిచారు. ఆ వెనకే దలానుంచి వచ్చే యువకులందరూ లేచారు.

తర్వాతి ఆదివారం ఆ బెంచీలు ఖాళీ. యోహాను గారి బెంచీ కూడా ఖాళీ. పదిమందిలో తనను నోరు మూసుకోమన్నానని ఆయనకు కోపం.

ముందు ఎవరి దగ్గరికి

సంఘ పెద్దలు నన్ను ముందు యోహాను గారి దగ్గరికి వెళ్ళమన్నారు. ఆయన లేకపోతే గుడి నడవదన్నారు. నేను దలా వెళ్ళాను. ముందు దెబ్బ తిన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఎవరి దగ్గరికి ముందు వెళ్ళామో ఊరంతా గమనిస్తుంది, వాళ్ళూ గమనిస్తారు.

డా మ్య నాకు టీ ఇచ్చింది. వానల గురించి, మోటారు పడవల గురించి మాట్లాడింది. ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు రూతే మాట్లాడింది. సగం బర్మీస్, సగం తెలుగు.

"సయా, నన్ను అన్నారు, పర్లేదు. నాకు తెలుగు రాదు, అది నిజం. అమ్మనెందుకు అనాలి? నాన్న పోయాక అమ్మ వెళ్ళిపోయుంటే మేము క్రైస్తవులమే కాదు. ఆ నవ్వినవాళ్ళందరికీ తెలుసు అది."

"తెలుసమ్మా" అన్నాను.

"మరి నవ్వారెందుకు?"

నాకు తెలియదనే చెప్పాను. యోహాను గారు మనసులో మంచివారనీ, వయసు మీద పడిందనీ చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. గాయపడ్డవాళ్ళ ఇంట్లో కూర్చుని గాయపరచినవాడి మంచితనం చెప్పకూడదు. అది నిజమైనా సరే, చెప్పాల్సిన చోటు అది కాదు.

వచ్చేటప్పుడు డా మ్య గుమ్మం దాకా వచ్చింది. "సయా, ఆయన్ని తీసుకురాకండి. ఆయనకి రావాలనిపిస్తే ఒస్తారు" అంది.

పబేడాన్ కొట్లో

తర్వాత పబేడాన్ వెళ్ళాను. యోహాను గారు బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నన్ను కూర్చోమనలేదు.

"నాకు బుద్ది సెప్పడానికొచ్చావేటి? నా వయసేటి, నీ వయసేటి? పదిమందిలో నన్ను కూకోమంటావా?"

"ఆ మాట ఆపాల్సిన బాధ్యత నాది. ఆపాను. అందుకు నేను క్షమాపణ చెప్పలేనండీ" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వేటి తెలుగు గుడి కాపరివి? నీ కొడుక్కి తెలుగులో పేరు రాయడం వచ్చునేటి? పిల్లలు పోతారని బయపడి, రేపు నువ్వే బర్మాలో ప్రసంగం సెప్తావు. మా తాతలు కట్టిన గుడిని నువ్వే అమ్మీసినట్టు."

ఇక అక్కడ ఉంటే నేనూ ఏదో ఒకటి అంటానని లేచి వచ్చేశాను. ఇంట్లో నా భార్య సలోమితో అంతా చెప్పాను. ఆవిడ పెసలు ఏరుతూ విని, "మనోడికి తెలుగు రాయడం రాదు కదా, ఆయనన్నది నిజమే కదా" అంది.

"నువ్వు కూడానా?"

"నిజం అన్నాడనే నీకింత మండింది. ఆ మంట తగ్గేదాకా మల్లీ ఎల్లకు."

నాకు అప్పుడు నచ్చలేదు. కానీ వెళ్ళలేదు. నాయకుడి మనసు కూడా నొచ్చుకుంటుంది. ఆ నొప్పితో వెళ్ళి ఇంకొకరి తరఫున న్యాయం అడిగితే, అవతలివాడికి మన కోపమే వినిపిస్తుంది. కొడుకు సంగతి నేనూ సలోమీ చాలా రోజులు మాట్లాడుకున్నాం. యోహాను గారి మాటలో నాకు చెందినది ఎంతో విడదీసి చూసుకున్నాక, మిగిలినది అంత బరువుగా అనిపించలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు రూతు పేరెత్తలేదు. "తెలుగంటే మీకు ఇంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందండీ?" అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. ఆయన అనుమానంగా చూశారు. తర్వాత స్టూలు ఒకటి నా వైపు జరిపారు.

"సిన్నప్పుడు నన్ను బర్మా బడిలో ఏసారు" అన్నారు. "ఇంటికాడ తెలుగే కదా. నాకు బర్మా మాట తిరిగీది కాదు. ఓరోజు సయామ, పంతులమ్మ, నన్ను లేపి పాటం సదవమంది. ఒక మాట తప్పు పలికాను. ఏటి పలికానో గుర్తులేదు గాని, అదేదో బూతైపోయింది. బడి బడంతా నవ్వీసింది. సయామ కూడా నవ్వింది. 'నల్లోడికి బర్మా ఎక్కడ అబ్బుతాది' అంది. నాను మల్లీ ఆ బడికెల్లలేదు. మా అయ్య కొట్టినా ఎల్లలేదు. ఆదివారం గుడికొస్తే, సయా, అక్కడొక్క సోటే నా నోరు సూసి ఎవులూ నవ్వీవోరు కాదు."

ఆ మాట ఆయన నోటినుంచి వచ్చింది, ఆయన చెవిన పడాలి. మధ్యలో నేను దూరితే పడదు.

ఒకావిడ వచ్చి కందిపప్పు అడిగింది. ఆయన లేచి బర్మీస్‌లో ధర చెప్పి, తూచి, పొట్లం కట్టి ఇచ్చారు. ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన త్రాసు దగ్గరే నిలబడిపోయారు.

"ఆ పిల్ల కూడా అలాగే నిలబడిందేటి?" అని అడిగారు.

"అలాగే నిలబడిందండీ."

దలాలో

వెంటనే ఆయనకు తొందర మొదలైంది. తల్లీకూతుళ్ళను వచ్చే ఆదివారం గుడికి తీసుకురమ్మన్నారు, అందరి ముందూ చెప్పేస్తానన్నారు. నాకు ట్వంటే గుర్తొచ్చింది. "వాళ్ళు రారండీ. మీరే వెళ్ళాలి. పదిమందిలో చెప్పడం తర్వాత" అన్నాను. నన్ను ముందు వెళ్ళి ఆయన మాటగా చెప్పిరమ్మన్నారు. దానికీ ఒప్పుకోలేదు. క్షమాపణను ఇంకొకరి చేత పంపితే దారిలో చల్లారిపోతుంది.

ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఫెర్రీ ఎక్కాం. ఆయన చేతిలో ఒక సంచి శనగపప్పు.

డా మ్య చాప వేసింది. ఆయన కూర్చుని గొంతు సవరించుకుని, గుడిలో ప్రార్థన చేసే తెలుగులో మొదలుపెట్టారు. "నా వలన మీకు ఏమైనా నొప్పి కలిగియుంటే..."

డా మ్య మధ్యలోనే ఆపింది. ఆవిడ తెలుగు అచ్చం మా ఆడవాళ్ళ తెలుగే. "ఏమైనా కాదండీ. ఏటన్నారో మీకు తెలుసు, నాకూ తెలుసు."

ఆయన తల వంచుకున్నారు. నేను కల్పించుకోలేదు. కాసేపటికి ఆయన బర్మీస్‌లో మాట్లాడడం మొదలుపెట్టారు. సంఘానికి సంబంధించిన పనిలో ఆయన నోట బర్మీస్ వినడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు తానన్న మాటను ఉన్నదున్నట్టు మళ్ళీ చెప్పారు. అది తప్పని చెప్పారు. సామేలు పోయాక ఆవిడ సంఘాన్ని వదలకపోవడం తనకు తెలిసీ ఆ మాట అన్నానన్నారు. చిన్నప్పటి బడి సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే అది సాకు అయ్యేది. అది ఆయనకే తోచింది, నేను చెప్పలేదు.

డా మ్య కళ్ళు తుడుచుకుంది. తెలుగులోనే జవాబిచ్చింది. "మా అత్త పొయ్యి కాడ కూకోబెట్టి నాకు తెలుగు నేర్పింది. ఎన్ని తప్పులు మాటాడినా ఎప్పుడూ నవ్వలేదండీ. అందుకే నేర్సుకున్నాను." కాస్త ఆగి, "నా మట్టుకు నాను వదిలీసాను. దాని సంగతి దాన్నే అడగండి" అంది.

రూతు లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన అటు తిరిగేసరికి, "తాతా, మీరొచ్చారు. అమ్మకు చెప్పారు. నాకు సంతోషమే. కానీ నేను అక్కడికి రాలేను. ఇప్పుడైతే రాలేను" అంది.

"సెప్పాను కదమ్మా, తప్పైపోయింది..."

నేను ఆయన మోచేయి మీద చెయ్యి వేశాను. ఆయన ఆగారు.

తిరుగు ఫెర్రీలో, "అయిపోయినట్టేనా సయా?" అని అడిగారు.

"మీరు చెయ్యాల్సింది ఇక గుడిలో ఒకటి ఉంది. ఆ పిల్ల చెయ్యాల్సింది ఆ పిల్లకే వదిలేద్దాం."

మర్నాడు గుడిలో ఆయన లేచి నిలబడి చెప్పారు. క్లుప్తంగా, సాకులు లేకుండా చెప్పారు. కూర్చున్నాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నేను కొట్టనివ్వలేదు. ఆ రోజు నవ్విన ఇద్దరు ఆడవాళ్ళు ఆ వారమే దలా వెళ్ళి డా మ్యను కలిశారని తర్వాత విన్నాను. నేను పంపలేదు.

ఎంతవరకు కుదిరింది

డా మ్య తిరిగి వచ్చింది. యువకుల్లో సగం మంది వచ్చారు. ప్రార్థనలు ఏ భాషలో వస్తే ఆ భాషలో చేసుకోవచ్చని పెద్దలందరూ కూర్చుని ఒప్పుకున్నారు. యోహాను గారు ఒప్పుకున్నారు గానీ, సంతోషంగా ఏమీ కాదు. బర్మా ప్రార్థన సాగుతుంటే కళ్ళు మూసుకుని పెదవులు బిగించుకుని కూర్చునేవారు. అది ఆయన ఇష్టం. సమాధానపడినంత మాత్రాన మనిషి అభిప్రాయాలు మార్చుకోవాలని లేదు.

రూతు రాలేదు. దలాలోనే ఒక బర్మా సంఘంలో చేరింది. ఆ పిల్లను తిరిగి తీసుకురాలేకపోయానని పెద్దలు నన్ను అన్నారు. నా అభిప్రాయం వేరు. క్షమించడం, పాత చోటికే తిరిగి రావడం రెండూ ఒకటి కాదు. రెండోది చేస్తేనే మొదటిది జరిగిందని మనం లెక్కగడితే, గాయపడ్డవాళ్ళ మీద ఇంకో బరువు పెట్టినట్టే.

ఏడాది గడిచాక ఒక ఆదివారం యోహాను గారు ఆరాధనకు ముందే వచ్చి నన్ను పక్కకు లాక్కెళ్ళారు. ఏదైనా కొత్త గొడవేమో అనుకున్నాను.

"రూతు మా కొట్టుకాడికొచ్చింది సయా, నిన్న."

"ఏమంది?"

"ఏటీ అనలేదు. వాలమ్మ మొహింగాకి శనగలు కావాలంది. దర సెప్పాను. ఎక్కువ సెప్తన్నావు తాతా, పక్క కొట్లో తక్కువకే ఇస్తన్నారు అంది. నాను తగ్గించాను. ఇంకా తగ్గించమంది. ఇంత గట్టిగా బేరమాడీ పిల్లని నాను సూల్లేదు!"

నలభై ఏళ్ళకు పైగా కొట్లో కూర్చున్న మనిషికి తెలుసు, కోపం మిగిలున్నవాళ్ళు అడిగిన ధర పడేసి వెళ్ళిపోతారని. బేరమాడడానికి నిలబడరు.

"మరి ఎంతకు ఇచ్చారు?" అని అడిగాను.

"ఆ పిల్ల అడిగిందానికే ఇచ్చీసాను. అయినా ఎల్లేటప్పుడు ఇంకో గుప్పెడు తనే ఏసీసుకుంది" అని చెప్పి, ఆయన నవ్వుతూ తన బెంచీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు.